సంపాదకుని మాట: రేణువుల నీరు, వేడి లెక్కలు

రాగి ఉష్ణవాహకత నీటికంటే ఆరువందల రెట్లకు పైమాటే. మరి కంటికానని రాగి రేణువుల్ని నీటిలో కలిపితే? అలాంటి ద్రవాలకు 1995లో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీ శాస్త్రవేత్త స్టీఫెన్ చోయ్ నానోఫ్లూయిడ్లని పేరుపెట్టారు. తొలి ప్రయోగాల్లో కొన్ని అంకెలు, మిశ్రమాల ఉష్ణవాహకతను లెక్కగట్టే 1873 నాటి మాక్స్‌వెల్ సూత్రానికి అందలేదు. కొత్త సిద్ధాంతాలు వెల్లువెత్తాయి. చివరికి ముప్పైకి పైగా సంస్థలు ఒకే నమూనాలను పంచుకుని కొలిచి, 2009లో ఫలితాలు ప్రకటించాయి. రేణువులు గడ్డకట్టకుండా విడివిడిగా ఉన్నప్పుడు, మాక్స్‌వెల్ బాటలోనే విస్తరించిన సూత్రం చక్కగా సరిపోయింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే ఘట్టమిది.

ఇక ఈ ద్రవాల్లో రేణువుల కదలికకు కారణాలు ఏడింటిని 2006లో పరిశోధకుడు బువోంజోర్నో పరిశీలించి రెండే ముఖ్యమని తేల్చారు: బ్రౌనియన్ చలనం, వేడి చోటు నుంచి చల్లని చోటుకు జరిగే థెర్మోఫోరెసిస్. మన గణిత శాఖల్లో ఎందరో పరిశోధకులు సాగే పలక మీది ప్రవాహానికి ఈ రెండు కారణాలతో కూడిన సమీకరణాలే రాసి, పాక్షిక అవకలన సమీకరణాలను సాధారణ అవకలన సమీకరణాలుగా మార్చి, రంగె-కుట్టా పద్ధతిలో సాధిస్తున్నారు. శ్రమ గొప్పదే. కానీ రేణువులు పెరిగితే స్నిగ్ధతా పెరుగుతుంది, పంపుకు కరెంటూ ఎక్కువ కావాలి. ఆ ఖర్చు గ్రాఫుల్లో అరుదుగా కనిపిస్తుంది. అందుకే ఈ సంచికలో ప్రయోగ ఫలితాలతో పోల్చి చూసిన వ్యాసాలకు పెద్దపీట వేశాం.