చిరాగ్ తలే అంధేరా

బర్సాత్ మొదలైతే మన ఇళ్లల్లో రెండు చీజుల కోసం వెతుకులాట మొదలవుతుంది. ఒకటి గొడుగు, రెండోది చోర్ బత్తీ. టార్చిలైటుకు దక్కనీలో ఆ పేరు ఎవరు పెట్టారో గానీ భలే షరారత్ చేశారు. ఇప్పుడు బాజార్‌లో ఎక్కడ అడిగినా జూమ్ లైటే చేతిలో పెడుతున్నారు. మూతి ముందుకు లాగితే రోష్నీ సన్నబడి దూరం పోతుంది, వెనక్కి నెడితే వెడల్పవుతుంది. దుకాణ్‌దార్ దాన్ని ముందుకు లాగి, ఎదుటి బిల్డింగ్ పైనున్న వాటర్ ట్యాంకు మీద కొట్టి చూపిస్తాడు. పిల్లలు "వాహ్" అంటారు. సౌదా ఖతం.

ఆ ట్యాంకును చూసి లైటు కొనకండి. మూతి వెనక్కి నెట్టమనండి, అప్పుడు దుకాణం ముందు నేల ఎలా కనబడుతుందో చూసి కొనండి. నా రాయ్ ఇంతే. ఎందుకో చెబుతాను.

చోర్ బత్తీతో మనకున్న జరూరత్ ఏంటి? ఫజర్‌కు మస్జిద్‌కు పోయే అబ్బా, రాత్రి వాకిలి దాటి బైత్‌ఖలాకు పోవలసిన ఆడపిల్ల, మోటారు వేయడానికి పొలానికి పోయే మామూ. వీళ్లు చూడాల్సింది ముందున్న పది ఇరవై అడుగుల నేల. కట్లపాము రాత్రిపూట తిరిగే జాతి, అది కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలీదు. రక్తపింజరి ఎండుటాకుల్లో పడుకుంటే పగలే కనబడదు. సన్నటి రోష్నీ బాట మధ్యలో పళ్లెమంత పడితే, దాని పక్కన అడుగు దూరంలో ఏముందో ఎవరికి తెలుసు? పైగా ఆ తేజ్ చుక్కకు అలవాటు పడిన కంటికి చుట్టూ ఉన్న అంధేరా ఇంకా చిక్కగా కనబడుతుంది.

మా మొహల్లాలో ఒక బుజుర్గ్ పోయిన రంజాన్‌లో ఫజర్‌కు పోతూ మోరీలో కాలు పెట్టారు. తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు కుర్చీ మీదే నమాజ్. ఆయన చేతిలో లైటుంది, అది వెలుగుతూనే ఉంది, కొడుకు దుబాయ్ నుంచి పంపింది. తర్వాత నేను దాన్ని పట్టుకుని చూశాను. వీధి చివరనున్న మీనార్‌ను చక్కగా చూపిస్తుంది.

అలాగని జూమ్ లైటు బేకార్ అనడం లేదు. దాని లోపల ఎల్‌ఈడీ ముందు ఒక కటకం ఉంటుంది. మా ఉర్దూ మీడియం స్కూల్లో దాన్ని ఆతిషీ షీషా అనేవాళ్లు. తెలుగులో కుంభాకార కటకం అనాలని తర్వాత తెలిసింది, కానీ నాకు ఇప్పటికీ మొదటి మాటే నోట్లోకొస్తుంది. (ఆతిషీ అద్దాలు, కటకాల మీద బగ్దాద్‌లో ఇబ్న్ సహ్ల్ 984 ప్రాంతంలోనే కితాబ్ రాశాడు. ఆ హిసాబ్ మనకు కొత్తదేం కాదు.) షీషా ఎల్‌ఈడీకి దగ్గరగా ఉంటే రోష్నీ ఒకే తీరుగా గుండ్రంగా పరుచుకుంటుంది. పాత ఇత్తడి టార్చీలకు తల తిప్పి వెడల్పు చేస్తే మధ్యలో నల్లటి మచ్చ పడేది, గుర్తుందా? మంచి జూమ్ లైటులో అది ఉండదు. దాని అసలు ఖూబీ ఇదే, దుకాణంలో ఎవరూ చూపించనిదీ ఇదే.

షీషాను ముందుకు జరిపితే ఎల్‌ఈడీ బొమ్మే గోడ మీద పడుతుంది. చదరంగా పసుపు ముక్క కనబడితే ఖరాబీ అనుకోకండి, ఫోకస్ కుదిరిందని అది నిషానీ. అయితే అప్పుడు పక్కలకు పోయే రోష్నీ షీషాను అందుకోలేక లోపలి గొట్టానికి తగిలి అక్కడే పోతుంది. చూడ్డానికి తేజ్‌గా ఉంటుంది గానీ, బయటికొచ్చే మొత్తం రోష్నీ తక్కువ.

ఇక డబ్బా మీద రాతలు. '500 మీటర్లు' అని ఉంటుంది. 2009లో వచ్చిన అమెరికా ప్రమాణం ఎఫ్‌ఎల్1 ప్రకారం ఆ దూరం అంటే రోష్నీ పావు లక్స్‌కు పడిపోయే చోటు, అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. నిజాయితీగా కొలిచిన కంపెనీ చెప్పినా, ఆ చివర మనిషో చెట్టో పోల్చుకోవడమే కష్టం. దూరం రెండింతలు కావాలంటే చుక్క తీవ్రత నాలుగింతలు కావాలి. కొలవని కంపెనీల సంగతి వదిలేయండి. సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని కనబడితే పక్కా ధోకా. ఈ లైట్లలో వేసే 18650 సెల్, పేరులో ఉన్నట్టే 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. అంత డబ్బీలో మంచి కంపెనీ వాళ్లు కూడా 3500 దగ్గర్లో ఆగిపోతారు. సెల్ మీద అబద్ధం రాసినవాడు లైటు గురించి చెప్పే మిగతా మాటల్ని ఎలా ఎతిబార్ చేయాలి?

సస్తా చార్జింగ్ లైట్లలో కొన్నిటి లోపల చిన్న లెడ్ బ్యాటరీ ఉంటుంది. చార్జింగ్ పెట్టకుండా అల్మారాలో నెలలు వదిలేస్తే అది చచ్చిపోతుంది, బర్సాత్‌లో తీస్తే ఉత్త డబ్బా. ఇంటికి తీసి మార్చుకునే సెల్స్ ఉన్నదే నయం. వాడనప్పుడు మామూలు సెల్స్ బయటికి తీసి పెట్టండి, లోపలే కారిపోతాయి.

వానలో ఇంకో చిక్కు. జరిగే మూతి పిచికారీలా గాలిని లాగుతుంది, గాలితో పాటు తేమ. మూతి కింద రబ్బరు వాషర్ ఉందో లేదో చూడండి. మూతి మరీ వదులుగా ఉంటే జేబులో దానంతటదే ముందుకు జరుగుతుంది. మరీ బిగుతుగా ఉన్నా, తిప్పాల్సిన రకమైనా రెండు చేతులు కావాలి. చంకలో బిడ్డ ఉన్న తల్లికి రెండో చేయి ఎక్కడిది? దుకాణంలోనే ఒంటి చేత్తో నడిపి చూడండి, వీలైతే అమ్మీ చేతికిచ్చి చూడండి.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఆ బటన్. ఒకసారి నొక్కితే తేజ్, రెండోసారి మంద్, మూడోసారి టపటపా కొట్టుకునే పోలీసు లైటు. దాదీమా చీకట్లో కంగారుగా రెండుసార్లు ఎక్కువ నొక్కితే ఇల్లంతా మెరుపులే, ఆమె గాబరా ఇంకా పెరుగుతుంది. ఆన్, ఆఫ్ రెండే ఉన్న లైటు దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి.

కొన్నాక వెడల్పు మీద పెట్టి, అబ్బా జేబులో గానీ భాయ్ బండి డిక్కీలో గానీ కాకుండా, ఆడవాళ్ల చేతికీ అందే ఎత్తులో తలుపు పక్క మేకుకు తగిలించండి. కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఉండేది ఎక్కువగా వాళ్లే.