నాణెమునందలి వెండి

ప్రభుత్వపు మాట యెంతవరకు నిలుచునో తెలిసికొనుటకు దాని శాసనములను చదువుటకంటె దాని నాణెమును పరీక్షించుట మేలు. క్రీస్తుశకము మూడవ శతాబ్దమునందలి రోము సామ్రాజ్య చరిత్ర యిందుకు సాక్ష్యము.

ఆగస్టసు చక్రవర్తి కాలమున దెనారియసు అను నాణెము దాదాపు మేలిమి వెండియే. క్రీ.శ. 64లో నీరో దాని తూకమును, మేలిమిని గూడ తగ్గించెను. సెప్టిమియసు సెవెరసు నాటికి అందలి వెండి యించుమించు సగమునకు దిగెను. 215లో కారకల్లా క్రొత్త నాణెమొకటి ముద్రింపించెను. దానికి రెండు దెనారియసుల విలువ కట్టిరని పండితుల యభిప్రాయము. అందలి వెండి మాత్రము ఒకటిన్నరకు సరిపోవునంతే.

235 మొదలు 284 వరకు ఇరువదిమందికి పైగా చక్రవర్తులు మారిరి. పలువురు తమ సైనికుల చేతులలోనే హతులైరి. సింహాసనమెక్కిన ప్రతివాడును సైన్యమునకు బహుమానము లీయవలెను. సరిహద్దులందు గోతులతోను పారసీకులతోను పోరవలెను. బొక్కసము చాలక, ఉన్న వెండిలో రాగి కలిపి నాణెముల సంఖ్యను పెంచిరి. 268లో గాలియెనసు మరణించునాటికి నాణెమున వెండి నూటికి అయిదు పాళ్లకు లోపుగనే యుండెను. పైన వెండి మెరుగు, లోన రాగి!

260లో ఈజిప్టునందలి ఆక్సిరింకసు పట్టణమున నాణెముల మార్పిడి చేయు సాహుకార్లు దుకాణములు మూసికొని, చక్రవర్తుల నాణెమును పుచ్చుకొన నిరాకరించిరి. నకిలీవి దప్ప తక్కినవన్నియు స్వీకరింపవలెననియు, లేనిచో దండన తప్పదనియు అధికారి యుత్తరువు చేసెను. ఆ యుత్తరువు నేటికిని నిలిచియున్నది. ఉత్తరువువలన దుకాణము తలుపులు తెరువవచ్చును గాని, పోయిన నమ్మకము తిరిగి రాదు. ప్రజలు పాత మంచి నాణెములను నేలలో పాతిపెట్టి, చెడ్డవానిని చేతులు మార్చిరి. ప్రభుత్వము సయితము సైన్యపోషణకై పన్నులను ధాన్యరూపమున గుంజెను. తన నాణెమును తానే నమ్మనివాడు పరులను నమ్ముమనుట న్యాయమా? 301లో డయొక్లీషియను ధరలకు మితి విధించి, మీరినవారికి మరణదండన ప్రకటించెను. అయినను ధరలు లోబడలేదు.

నాణెమున వెండిని తగ్గించుట ప్రజల సమ్మతి లేని పన్ను. ఆ భారము కూలివానిపైనను, కష్టార్జితమును కూడబెట్టుకొన్న గృహస్థునిపైనను ముందుగ పడును. 1940లో యుద్ధకాలమున ఆంగ్లప్రభుత్వము మన రూపాయిలోని వెండిని పండ్రెండింట పదునొకండు పాళ్లనుండి సగమునకు దించినప్పుడు మన సమ్మతి నెవ్వరడిగిరి?

నేటి మన నాణెమున వెండియే లేదు; ఉన్నది ప్రభుత్వపు మాట యొక్కటే. కావున ఆ మాటను నిలుపుకొను బాధ్యత స్వతంత్ర ప్రభుత్వమునకు మరింత హెచ్చని మేము భావించుచున్నాము.