పది నిమిషాల కాలంలో డీమార్ట్ ట్రాలీ

నెల మొదటి ఆదివారం డీమార్ట్‌కి ఎప్పుడైనా వెళ్లారా? పార్కింగ్ దొరకదు. బిల్లింగ్ దగ్గర చాంతాడంత క్యూ. అయినా అమ్మానాన్నలు వెళ్తూనే ఉంటారు. మనం మాత్రం మంచం దిగకుండానే పాల ప్యాకెట్, చిప్స్ ఆర్డర్ పెట్టేస్తాం. మరి ఆ క్యూ ఇంకెన్నాళ్లుంటుంది?

కాస్త వెనక్కి వెళ్దాం. స్టాక్ మార్కెట్లో అప్పటికే పేరున్న రాధాకిషన్ దమానీ 2002లో ముంబయిలోని పవాయ్‌లో మొదటి డీమార్ట్ తెరిచారు. ఆ రోజుల్లో చాలా కంపెనీలది ఒకటే తొందర: అద్దెకి దిగు, బ్రాంచీలు పెంచు. చెన్నై నుంచి వచ్చిన సుభిక్ష అలాగే దేశమంతా వందల షాపులు తెరిచి, చేతిలో డబ్బు అయిపోయి 2009లో మూతపడింది.

డీమార్ట్ నిదానంగా నడిచింది. చాలావరకు స్టోర్లకి సొంత బిల్డింగ్, లేదంటే ఏళ్ల తరబడి లీజు. నెలనెలా అద్దె బరువు తక్కువ. సరుకు ఇచ్చినవాళ్లకి డబ్బులు త్వరగా కట్టేస్తుంది కాబట్టి వాళ్లూ రేటు తగ్గిస్తారు. ఆ తగ్గింపే మన బిల్లులో కనిపిస్తుంది.

2017లో షేర్ మార్కెట్‌కి వచ్చింది. 299 రూపాయలకి ఇచ్చిన షేరు మొదటిరోజే 600 దాటింది. అప్పుడు 131 స్టోర్లు. 2025 మార్చి నాటికి 415. మన రెండు రాష్ట్రాల్లోనూ బాగానే పెరిగాయి.

ఇప్పుడు అసలు చిక్కు. బియ్యం, పప్పుల మీద మిగిలేది తక్కువ. బట్టలు, బకెట్లు, గిన్నెల మీద మార్జిన్ ఎక్కువ. కందిపప్పు కోసం వెళ్లి దుప్పటి కూడా కొనుక్కొస్తాం చూడండి, లాభం అక్కడుంది. 2020 లాక్‌డౌన్‌లో ఆ అమ్మకాలు పడిపోతే కంపెనీకి గట్టిగానే తగిలింది. ఫోన్‌లో అయితే 'కందిపప్పు' అని కొట్టి, కొనేసి, యాప్ మూసేస్తాం. దుప్పటి కనపడదు.

అందుకే డీమార్ట్ ఆన్‌లైన్‌లోకీ ఆచితూచి దిగింది. డీమార్ట్ రెడీ మొదట ముంబయిలో, ఆర్డర్ పెట్టి మనమే వెళ్లి తెచ్చుకునే పద్ధతిలో మొదలైంది. తర్వాత హోమ్ డెలివరీ పెరిగింది. పది నిమిషాల పందెంలోకి మాత్రం దూకలేదు. 2024 అక్టోబరులో, పెద్ద నగరాల్లోని తమ స్టోర్ల మీద ఆన్‌లైన్ దెబ్బ కనిపిస్తోందని కంపెనీయే ఒప్పుకుంది. ఆ వెంటనే షేరు ఒక్కరోజులో దాదాపు 8 శాతం పడింది.

అంటే పాతబడిపోయిందా? నాకలా అనిపించట్లేదు. మా సాఫ్ట్‌వేర్‌లో కొత్త టెక్నాలజీ రాగానే మొత్తం తిరగరాసేద్దామంటారు. ముందు చూడాల్సింది, ఏ ముక్క పీకితే సిస్టమ్ కూలిపోతుందో. డీమార్ట్‌కి ఆ ముక్క తక్కువ ఖర్చు. వీధికో చిన్న గోడౌన్, ఆర్డర్‌కో డెలివరీ బాయ్ పెట్టుకుంటే ఆ తక్కువ రేటు నిలబడటం కష్టం. అలాగని కూర్చుంటే మన తరం ట్రాలీ పట్టడమే మర్చిపోతుంది. ఈ రెండిటి మధ్య దారి వెతకడమే ఇప్పుడు దాని పని.

మన పని సులువు. ఈ నెల యాప్ ఆర్డర్లన్నీ కూడండి, డెలివరీ, హ్యాండ్లింగ్ చార్జీలతో సహా. ఆ లిస్టు అమ్మకి చూపించి, ఇవే సరుకులు తనైతే ఎంతకి తెచ్చేదో అడగండి. తేడా ఎంతొచ్చిందో కామెంట్లలో రాయండి.