దొర వేషం వేసినాయన

పిల్లలూ! గచ్చిబౌలి అంటే మీకు అద్దాల మేడలే గుర్తొస్తాయి. 'ఆర్ ఆర్ ఆర్' సినిమా తీయటం 2018 నవంబరులో మొదలుపెట్టింది అక్కడి పాత అల్యూమినియం ఫాక్టరీలోనే.

అందులో మల్లిని ఎత్తుకుపోయిన స్కాట్ దొరను చూసి మీరు పళ్ళు కొరికే ఉంటారు. ఆ పిల్ల తల్లి మీద తుపాకిగుండు దండగ అన్నవాడు! ఆ వేషం వేసినాయన రే స్టీవెన్‌సన్. 1964 మే 25న ఉత్తర ఐర్లండులోని లిస్‌బర్న్‌లో పుట్టాడు. తండ్రి విమానం నడిపేవాడు.

ఈయన చిన్ననాటి నుంచీ నటుడేమీ కాడు. ఇళ్ళ లోపలి అలంకరణకు నమూనాలు గీసే ఉద్యోగం చేసేవాడు. లండనులో జాన్ మాల్కొవిచ్ ఆడిన నాటకం చూశాక మనస్సు మారింది. ఉద్యోగం వదిలి బ్రిస్టల్‌లో నాటకాల బడిలో చేరాడు. చదువు పూర్తయ్యేసరికి 29 ఏళ్ళు! ఆ వయస్సులో బడికి వెళ్ళమంటే మీ నాన్నగారు వెళతారేమో అడిగి చూడండి.

తరువాత 'రోమ్'లో పుల్లో అనే సైనికుడయాడు. 'థోర్'లో మన భీముడిలా తిండిపుష్టి గల వీరుడయాడు. కథానాయకుడి వేషాలు తక్కువే.

2023 మే 21న ఇటలీలో చనిపోయాడు. ఆ కబురు తెలిసి 'ఆర్ ఆర్ ఆర్' తీసినవాళ్ళు ఒక సంగతి తలుచుకున్నారు. ప్రమాదకరమైన ఒక ఘట్టం తీసేనాటికి ఆయనకు 56 ఏళ్ళు. అయినా ఏమాత్రం జంకలేదట.