కానుక డబ్బుతో మిక్సర్ కొనే ముందు



రెండు వారాలుగా మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ. డిజిటల్ మిక్సర్ కొందామని యౌవనస్థులు, ఉన్నదానితో సర్దుకుందామని పెద్దలు. అయ్యగారు ఎటు మాట్లాడతారా అని ఇద్దరూ నా వైపు చూస్తున్నారు. అందుకే నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

పోయిన క్రిస్మస్ రాత్రి కూడిక ముగిశాక, వెనక చాప మీద కూర్చునే ఒక పెద్దమ్మ నా దగ్గరికొచ్చి, "అయ్యగారూ, పాటలకి గుండె అదిరింది గానీ మీరు చెప్పిన వాక్యం ఒక్క ముక్క తెలీలేదయ్యా" అంది. కోతల కూలి డబ్బులో నుండి సౌండ్ సిస్టమ్‌కని కానుక వేసిన మనిషి ఆమె. ఆ మాట నన్నింకా వదల్లేదు. అర్థం కాని మాట గాలిలో కలిసిపోతుందని పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో హెచ్చరించాడు. ఆయన భాషల గురించి చెప్పాడు గానీ, మన రేకుల షెడ్డుకీ ఆ మాట సరిపోతుంది. కాబట్టి మనం ముందు అడగాల్సింది "ఏ కంపెనీ?" అని కాదు, "ఆ పెద్దమ్మకు వినబడుతుందా?" అని.

ఆ రాత్రి ఏం జరిగింది? మన పాత మిక్సర్‌కు ఎనిమిది చానళ్లు. తబలా, ప్యాడ్ కలిపి ఒకే చానల్‌లో పెట్టాం. ప్రసంగం మైకు పెంచితే కుయ్‌మని కూత. సెట్టింగులు తెలిసిన తమ్ముడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. అతను సరిచేసి పెట్టిన నాబ్‌లను ఎవరెవరో తిప్పేశారు. ఎక్కడ ఉండాలో ఎవరికీ గుర్తులేదు.

డిజిటల్ మిక్సర్ మనకు కావాలని నేననడానికి అసలు కారణం ఇదే. దానికి జ్ఞాపకం ఉంటుంది. ఆదివారం ఆరాధనకు ఒకటి, ఉపవాస కూడికకు ఒకటి, పెళ్లికి ఒకటి సరిచేసి దాచుకుంటే, ఎవరు కూర్చున్నా ఆ సీన్ పిలిస్తే అన్నీ వాటి చోటికి వస్తాయి. మనుషులు మారుతూ ఉండే పల్లె సంఘానికి ఇది పెద్ద మేలు. కూత వచ్చే ఒక్క ఫ్రీక్వెన్సీని తగ్గించి, గొంతును అలాగే ఉంచుకోవచ్చు. పాడేవారికి ఒక్కొక్కరికి వేరుగా మానిటర్ ఇవ్వవచ్చు.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. ప్రసంగానికి 1, పాడేవారికి 4, కీబోర్డుకు 2, ప్యాడ్‌కు 2, తబలాకు 2, గిటారుకు 1. మొత్తం 12. లాప్‌టాప్‌కు మరో 2 లైన్ ఇన్‌పుట్లు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. పేరులో ఉన్న అంకె మైకుల లెక్క కాదు. బెరింగర్ ఎక్స్ ఎయిర్ వరుసలో ఎక్స్‌ఆర్12కు మైకులు పెట్టుకునేవి నాలుగే, ఎక్స్‌ఆర్16కు ఎనిమిదే. ఎక్స్‌ఆర్18కు మాత్రం 16 ఉంటాయి, పైగా రెండు లైన్ ఇన్‌పుట్లు, మానిటర్లకు ఆరు ఆక్స్ అవుట్‌లు. కొంచెం తక్కువకు వస్తుందని చిన్నది కొంటే క్రిస్మస్ నాటికి మళ్లీ మొదటికే వస్తాం. అందుకే నా ఓటు ఎక్స్‌ఆర్18 లాంటి పెట్టెకు. సౌండ్‌క్రాఫ్ట్ యూఐ వరుస కూడా ఇలాంటిదే. దానికి యాప్ కూడా అక్కర్లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

యౌవనస్థులు అడిగేది ఎక్స్32 లాంటి పెద్ద కన్సోల్. మంచిదే, కాదనను. 2012లో అది వచ్చాకే డిజిటల్ మిక్సర్ మనలాంటి సంఘాల ఊహకు అందింది. కూత వచ్చిన క్షణంలో టాబ్లెట్ మీద వెతకడం కంటే ఫేడర్ మీద వేలు పెట్టడం త్వరగా అవుతుందన్న మీ మాట కూడా నిజమే. కానీ 32 మైకులు మనకు ఏ పండుగకూ లేవు. వాడని చానళ్లకు ఆ పెద్దమ్మ కూలి డబ్బు పెట్టడం నాకు మనసొప్పదు.

పెట్టె కొంటే మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒకటి, దానిలో ఉన్న వైఫైని నమ్మవద్దు. జనం ఫోన్లన్నీ ఉన్నచోట అది తడబడుతుంది. వేరే రౌటర్‌ను కేబుల్‌తో తగిలించాలి. సిగ్నల్ పోయినా సౌండు ఆగదు గానీ మార్చడం మన చేతిలో ఉండదు. రెండు, కరెంటు. పాత మిక్సర్ కరెంటు రాగానే పలుకుతుంది. డిజిటల్‌ది కంప్యూటర్ లాగా మళ్లీ లేవాలి. జనరేటర్ వేసే లోపు వాక్యం ఆగకూడదంటే మిక్సర్‌కు, రౌటర్‌కు చిన్న యూపీఎస్ తప్పదు. యాంప్లిఫయర్లు మాత్రం దానికి తగిలించకండి. మూడు, టాబ్లెట్ ఒక్కటే ఉంటే చార్జింగ్ అయిపోయిన రోజు అందరం చేతులు కట్టుకుని నిలబడాలి. పాత లాప్‌టాప్ ఒకటి పక్కన సిద్ధంగా ఉండాలి.

ఇంకో మాట. పెద్దలు కూడా కొంత కరెక్టే. పోయిన బుధవారం ఉపవాస కూడికకు ముందు పుల్పిట్ వెనక ఉన్న బాక్సులను మైకు కంటే ముందుకు జరిపి, జనం వైపు తిప్పాం. కూత చాలావరకు తగ్గింది. రూపాయి ఖర్చు లేదు. మైకు నోటికి జానెడు దూరం దాటకుండా మాట్లాడటానికీ ఖర్చు లేదు. బాక్సు ఎదుట మైకు పెడితే ఎంత ఖరీదైన మిక్సరైనా కూయక మానదు. కాబట్టి ముందు అవి సరిచేద్దాం, తెగిన కేబుళ్లు మారుద్దాం, తర్వాతే షాపుకు వెళదాం.

చివరిగా నా షరతు ఒక్కటే. డబ్బు కట్టకముందే ఇద్దరు పేర్లివ్వాలి. వాళ్లలో ఒకరు మన ఆడపిల్లల్లో ఒకరైతే నాకు మరీ సంతోషం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటసేపు, మూడు నెలలు, ఆ ఇద్దరూ కూర్చుని నేర్చుకోవాలి. ఒకరు ఊరు వదిలి వెళితే రెండోవారు మూడోవారికి నేర్పాలి. పేర్లు రాకపోతే నేను సంతకం పెట్టను. నేర్చుకునే మనిషి లేని మిక్సర్ బీరువాలో పెట్టిన కానుకే.

కొత్తది వచ్చిన రోజు మొదటి పరీక్ష పాటలతో పెట్టం. ఆ పెద్దమ్మను ఎప్పటిలాగే వెనక చాప మీద కూర్చోబెట్టి, నేను మామూలు గొంతుతో ఒక అధ్యాయం చదువుతాను. వినబడిందని ఆమె చెప్పాకే కీబోర్డు వాయిద్దాం.

ప్రభువు మనకు వివేకం అనుగ్రహించును గాక. ఆమెన్.