సంఘపు కంప్యూటరును తూకమునకు అమ్మరాదు

మన సంఘ కార్యాలయములోని పాత కంప్యూటరు పనిచేయుట మాని నెలలు గడచినవి. స్విచ్చి వేసినను తెర వెలుగుట లేదు. దానిని గుజరీవానికి తూకమునకు ఇచ్చివేసినచో మూల ఖాళీయగునని కార్యవర్గములో కొందరు అనుచున్నారు. మేము దీనికి సమ్మతింపజాలము.

ఆ పెట్టెలో నున్నది ఇనుము మాత్రమే కాదు. సభ్యుల పాత పట్టీలు, వివాహ సంబంధముల వివరములు, ఈ పత్రిక పాత సంచికలు అందులోనే యున్నవి. కాగితపు ప్రతులలో చెదలు తినగా మిగిలినవి స్వల్పము. 1956 నవంబరు 1న బీదరు మైసూరు రాష్ట్రమున చేరినది మొదలు మనము రాష్ట్రమున భాషాల్పసంఖ్యాకులము. ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు సదుపాయము కల్పింపవలెనని రాజ్యాంగములోని 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అయినను అర్జీ పట్టుకొని పోయినచో "ఎన్ని కుటుంబములు? ఎప్పటినుండి యున్నారు?" అనియే మొదట అడుగుదురు. నోటిమాట అచ్చట చెల్లదు, పట్టీ చూపవలెను.

కొత్త కంప్యూటరు కొనినచో సరిపోదా యందురు. మన యంత్రములో తెలుగు వ్రాయుటకు జిస్ట్ కార్డు కలదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలైన ఆ పనిని 1988లో పూణెలో ఏర్పడిన సీ-డాక్ సంస్థ దేశమంతటికి అందించినది. ఆ కార్డు పాత మదర్‌బోర్డు గాడిలోనే కూర్చుండును. నేటి కంప్యూటర్లకు ఆ గాడి లేదు. అయితే అందు వ్రాసినది 1991 నాటి ఇస్కీ ప్రమాణపు సంకేతములలో నున్నది గనుక, ఒక్కసారి బయటికి తీయగలిగినచో యూనికోడులోనికి మార్చుకొనవచ్చును. హార్డు డిస్కును విప్పి యు.ఎస్.బి. తీగతో కొత్త యంత్రమునకు తగిలింతమని మన యువకులు చెప్పుచున్నారు. మంచిదే, మొదట అదియే చేయవలెను. కాని అంత పాత డిస్కులను ఆ తీగలు తరచు గుర్తింపవు. అప్పుడు దానితోపాటు వచ్చిన మదర్‌బోర్డే దిక్కు.

మేము మూత తీయించి చూచితిమి. ఆ కాలపు బోర్డులపై గడియారము నడచుటకు చిన్న పీపావంటి నికెల్-కాడ్మియం బ్యాటరీని టంకముతో అతికించెడివారు. ఏండ్లు గడచినకొలది అది కారి, ఆ క్షారము రాగి గీతలను తినివేయును. మన బోర్డుమీద కీబోర్డు తగిలించు మూల అంతయు పచ్చని చిలుము పట్టియున్నది. తక్కిన భాగము శుభ్రముగానే యున్నది. ఇది బాగుపడు రోగమే. ఆ బ్యాటరీని కత్తిరించి తీసివేసి, మిగిలిన క్షారమును వెనిగరుతో విరిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి బాగుగా ఆరనీయవలెను. పిమ్మట మల్టీమీటరుతో ఒక్కొక్క గీతను పరీక్షించి, తెగినచోట సన్నని తీగ అతికింపవలెను.

విద్యుత్తు ఇచ్చుటకు ముందు 5 వోల్టుల గీతకును నేల గీతకును నడుమ షార్టు లేదని చూచుకొనవలెను. 12 వోల్టుల గీతకును అట్లే. పాత టాంటలం కెపాసిటరు ఒక్కటి షార్టయినను పవర్ సప్లై మొండికేయును. పవర్ సప్లైనుండి బోర్డుకు వచ్చు రెండు ప్లగ్గుల నల్లతీగలు నడుమ ప్రక్కప్రక్కన ఉండవలెను. తారుమారైనచో బోర్డు కాలిపోవును. ర్యాము తీసి ఆన్ చేసినపుడు స్పీకరు కూత పెట్టినచో ప్రాణమున్నట్లే. ఈలోగా వచ్చినవారెల్ల స్విచ్చి వేసి చూచుట మాత్రము మానవలెను.

మేము వ్యాపారులము, లెక్క మాకును తెలియును. తూకమునకు వచ్చు సొమ్ము ఒకపూట ఫలహారమునకు చాలదు. మరమ్మతుకు కావలసినది కొంచెము టంకము, తీగ, ఓపిక. కొల్హార్ పారిశ్రామిక వాడలో కంట్రోలు ప్యానెళ్ళు బాగుచేయు మనవారే యుండగా పరాయి ఊరు పోనక్కరలేదు. పైగా కాడ్మియము, సీసము గల ఈ సామగ్రి వీధి గుజరీకి పోవలసినది కాదు. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము నమోదైన రీసైక్లరుకే చేరవలెను.

డిస్కే తిరుగకపోయినచో ఏమందురని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అట్లయినచో మేమే ఆ రీసైక్లరును పిలిపింతుము. అంతవరకు రెండు ఆదివారములు గడువు ఇచ్చి, తీర్మానమును ఆపవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. ఎవరి యింటనైనను అయిదు కాళ్ళ గుండ్రని పెద్ద ప్లగ్గుగల పాత కీబోర్డు అటకమీద ఉన్నచో, దయచేసి శనివారములోగా కార్యాలయమునకు పంపవలెను.