తప్పు ఆటలోది, తిట్టు కులానికా?

2021 ఆగస్టు 4. టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో మన ఆడపిల్లల హాకీ జట్టు అర్జెంటీనా చేతిలో 2-1తో ఓడింది. హరిద్వార్ దగ్గర రోషనాబాద్‌లో వందనా కటారియా ఇంటి ముందు అగ్రకులాలవాళ్లు టపాసులు కాల్చారు, జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిందని కులం పేరెత్తి తిట్టారు. ఇంటివాళ్లు పోలీసు కేసు పెట్టారు. అంతకు నాలుగు రోజుల ముందే, జూలై 31న, దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టి 4-3తో గెలిపించింది ఆ పిల్లే! గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే దళితురాలు.

అదే జట్టు మొదటి మూడు మ్యాచులూ ఓడింది. అప్పుడే ఒకరినొకరు తిట్టుకుని చెల్లాచెదురైతే ఆస్ట్రేలియాను ఓడించి సెమీస్‌కు వచ్చేవాళ్లా? ఇంటి ముందు అంత గొడవ జరిగాక కూడా ఆగస్టు 6న కాంస్యం మ్యాచులో వందనను ఆడించారు. గోల్ కొట్టింది. మ్యాచు పోయింది, అది వేరే సంగతి.

టోక్యో సరే, మన ఊరి కబడ్డీ చూద్దాం. పెద్దకులపోళ్ల పిల్లోడు కూతకు పోయి దొరికిపోతే 'పర్లేదురా, కాలు జారింది' అంటారు. మనోడు దొరికితే 'వీళ్లింతే' అంటారు. వాళ్లోడి తప్పు వాడొక్కడిది, మనోడి తప్పు వాడకంతటికీ అంటగడతారు.

మరి మనమేం చేస్తున్నాం? ఒక ఏడాది అంబేద్కర్ జయంతి పోటీల్లో, తొందరపడి కాలు పట్టబోయి పాయింటు పోగొట్టిన పిల్లోణ్ణి 'గాజులు తొడుక్కోరా' అని మైకులో అన్నది మనవాళ్లే. కుర్చీల్లో కూర్చుని మేమూ నవ్వాం, పంతుళ్లమై ఉండి. (గాజులు తొడుక్కునే మన ఆడోళ్లు నాట్లేసొచ్చి అక్కడే నిలబడి చూస్తున్నారు.) మర్నాటి నుంచి ఆ పిల్లోడు ఆటకు రాలేదు. ఎందుకు రాలేదని అడగడానికి మేమూ పోలేదు.

కబడ్డీలో ఔటైనవాడు ఆటకు చచ్చినట్టు కాదు. అవతలివాడొకడు ఔటయితే మనలో ముందు పోయినవాడు మళ్లీ లోపలికొస్తాడు. రూలే వాణ్ణి పిలుస్తుంటే మేనేజరు బయట కూర్చోబెట్టడమేంటి? తప్పు జరిగిన నిమిషంలో గీత బయట నుంచి అరిస్తే వాడి కాళ్లు ఇంకా తడబడతాయి. సగం ఆటకి అయిదు నిమిషాలు ఆపుతారు కదా, అప్పుడు పక్కకి పిలిచి 'నీకేం కనపడిందిరా?' అని అడగండి. ముందు వాణ్ణి చెప్పనివ్వండి. తర్వాత కూతకు వాణ్ణే పంపండి. ప్రాక్టీసుకు రాకుండా తిరిగేవాడి సంగతి వేరు, వాణ్ణి గట్టిగానే అడగాలి. అదైనా జనం ముందు కాదు.

వచ్చే ఏప్రిల్ 14 పోటీలకు మైకు ఎవరి చేతికిస్తామో కమిటీవాళ్లు ఇప్పుడే తేల్చుకోవాలి. ఆ రోజు నవ్విన మేం మాత్రం పట్టుకోం. ముందు ఆ పిల్లోడి ఇంటికి పోయి రావాలి.